ప్రెస్ షాపు మోతకు పోయిన వినికిడి: సంతకం పెట్టే ముందు కూడబెట్టుకోవలసిన కాగితాలు

జవాబంతా మీ ప్రశ్నలోని నాలుగైదు వివరాల మీదే నిలబడి ఉంది కాబట్టి, ముందుగా వాటిని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీ నాన్నగారికి యాభై ఏళ్ళు. చిత్తూరు జిల్లా నుంచి చెన్నై వచ్చి, పాడిలో ఒక ఫోర్జింగ్ షాపులో మూడేళ్ళు పనిచేసి, ఆ తర్వాత అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులోని ఒక కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా పవర్ ప్రెస్ (లోహపు రేకులను అదిమి మలిచే యంత్రం) విభాగంలో ఉన్నారు. జీతం ఇప్పుడు 26,000 రూపాయలు. అది 21,000 దాటినప్పటి నుంచి ఇఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) లేదు. రెండేళ్ళుగా రెండు చెవుల్లోనూ గుయ్‌మనే మోత ఉంది. ఎదుటి మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది గాని ఏమన్నారో అర్థం కావడం లేదు. చూపించుకున్న చెవి డాక్టరు వయసు వల్ల అన్నారు. ఈలోగా కంపెనీ స్వచ్ఛంద విరమణ కాగితాలు ముందు పెట్టింది, అందులో "నాకు కంపెనీ మీద ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉంది. సంతకం పెడితే పరిహారం హక్కు పోతుందేమో, పెట్టకపోతే రావలసిన డబ్బు ఆగిపోతుందేమో అన్నది మీ భయం.

నేను లాయరును కాను. ఇరవై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో సేఫ్టీ పని చూసి, రిటైరైన తర్వాత పరిహారం కేసుల్లో కార్మికులకు కాగితాలు సిద్ధం చేసిపెడుతున్నాను. నేను చూసినంతలో వినికిడి కేసులు ఓడిపోయేది చెవులు బాగుండడం వల్ల కాదు. చెవి దెబ్బతిన్నదని ఏ ఆసుపత్రిలోనైనా అరగంటలో తేలుతుంది. అది ఏ యంత్రం దగ్గర, ఎన్నేళ్ళ మోతకు దెబ్బతిన్నదో చూపే కాగితం ఉద్యోగంలో ఉన్నప్పుడు సంపాదించుకోకపోవడం వల్ల ఓడిపోతాయి. ఆ కాగితాల్లో సగం గేటు బయటికి వచ్చాక దొరకవు. అందుచేత మీకున్న సమయం విలువైనది.

భయపెడుతున్న వాక్యంతోనే మొదలుపెడతాను. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, పని వల్ల కలిగిన గాయానికి రావలసిన పరిహారాన్ని వదులుకుంటున్నట్టు ఉద్యోగి రాసిచ్చిన ఒప్పందం ఆ మేరకు చెల్లదు. విరమణ ప్యాకేజీ, గ్రాట్యుటీ, పీఎఫ్ వేరు, చెవికి పరిహారం వేరు. ఒకటి ఇచ్చామని రెండోదాన్ని మాఫీ చేయించుకోవడం కుదరదు. అయినా సంతకం పెట్టేయండి అని నేను అనను. చట్టం ముందు చెల్లని వాక్యమే ఎదుటి లాయరు చేతిలో "వెళ్ళేనాటికి ఇతనికి చెవి బాధే లేదు, ఉంటే రాసేవాడుగా" అనే సాక్ష్యంగా మారుతుంది. పైగా ఆ కాగితం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది. నాన్నగారికి తెలుగు తప్ప చదవరాకపోతే, ఎవరు చదివి వినిపించారో, అసలు వినిపించారో లేదో అన్న వివాదం అదనం. ముందు చెవి సంగతి రాతపూర్వకంగా కంపెనీకి చేరాలి, ఆ తర్వాతే సంతకం. ఈ వరుస తప్పకండి.

ఇక "వయసు వల్ల" అన్న మాట. డాక్టరు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. బహుశా నాన్నగారు ఏ పని చేస్తారో అడిగి ఉండరు, మీరూ చెప్పి ఉండరు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష ఫలితం గీసిన కాగితం, ఉంటే బయటికి తీసి చూడండి. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా పౌనఃపున్యం (శబ్దం ఎంత కీచుగా ఉందన్న కొలత) అంకెలు, నిలువునా డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందన్న కొలత) ఉంటాయి. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు వేసి గీతతో కలుపుతారు. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. వయసు వల్ల తగ్గిన చెవిలో ఆ గీత కుడివైపుకు పోయేకొద్దీ మెట్లు దిగినట్టు దిగుతూనే ఉండి, 8000 దగ్గర అన్నిటికంటే కింద ఆగుతుంది. మోతకు దెబ్బతిన్న చెవిలో 3000, 4000, 6000ల మధ్య, ఎక్కువమందికి సరిగ్గా 4000 దగ్గర, ఒక గుంట పడుతుంది. 8000 దగ్గరికి వచ్చేసరికి గీత మళ్ళీ కాస్త పైకి లేస్తుంది. రెండు చెవుల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. లోపలి చెవిలోని శంఖంలాంటి భాగంలో ఉండే సన్నని రోమకణాలు ఏళ్ళ తరబడి మోతకు చచ్చిపోతాయి, మనిషికి అవి తిరిగి పుట్టవు; అందుకే మందులతో ఇది నయం కాదు.

ఆ గుంట పడిన చోటే స, శ, త, క, ప వంటి హల్లుల తేడాలు తెలుస్తాయి. అచ్చులు తక్కువ పౌనఃపున్యంలో ఉండి బాగానే వినబడతాయి. అందువల్లే మనిషికి గొంతు వినిపించి మాట వినిపించదు. వంటింట్లోంచి "చాలు" అన్నా "పాలు" అన్నా ఒకటిగానే చెవిన పడుతుంది, ఇంట్లోవాళ్ళు "వినబడి కూడా పలకడం లేదు" అని విసుక్కుంటారు. మీరు రాసిన లక్షణం ఇదే. అయితే యాభై దాటుతున్న మనిషిలో, ఇరవై రెండేళ్ళ మోత తర్వాత, వయసు ప్రభావం కూడా కలిసి గుంట అంచులు పూడిపోయి ఉండవచ్చు. అప్పుడు గీత ఒక్కటే చూసి తేల్చడం నిపుణులకూ కష్టం, పని చరిత్రే నిర్ణయాత్మకం అవుతుంది.

కాబట్టి పరీక్ష మళ్ళీ చేయించండి, ఈసారి పద్ధతి ప్రకారం. షిఫ్టు అయిన సాయంత్రం వెళ్ళవద్దు. మోతలోంచి వచ్చిన చెవి కొన్ని గంటలు తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది. ఆ పరీక్షను "ఇది శాశ్వత నష్టం కాదు" అని ఒక్క వాక్యంతో కొట్టేస్తారు. మొదట్లో నేను సాయం చేసిన ఒక హ్యామర్ ఆపరేటరు కేసు అలాగే పోయింది. అతను సెలవు పెట్టలేక రెండో షిఫ్టుకు ముందు ఓటీ (ఓవర్‌టైము) చేసి, నేరుగా క్లినిక్‌కు వెళ్ళి, గంటలోపే పరీక్ష చేయించుకున్నాడు. తేదీ, సమయం ఆ కాగితం మీదే అచ్చయి ఉన్నాయి, హాజరు పుస్తకం పక్కన పెట్టి చూపించారు. తప్పు నాది, నేను ముందే చెప్పి ఉండాలి. కనీసం పదహారు గంటలు మోతకు దూరంగా ఉన్న తర్వాత, అంటే ఆదివారం సెలవు గడిచిన సోమవారం ఉదయం, షిఫ్టుకు వెళ్ళకముందు చేయించడం ఉత్తమం. శబ్దం చొరబడని గదిలో, గాలి ద్వారా, ఎముక ద్వారా రెండు విధాలా పరీక్షించాలి. రెండో విధం లేకపోతే, చెవిలో గుబిలి వల్లో పాత చీము వల్లో వచ్చిన లోపం కాదని చెప్పడానికి ఆధారం ఉండదు. వారం పది రోజుల తేడాతో ఇంకోసారి చేయించి, రెండు ఫలితాలూ దగ్గరగా ఉన్నాయని చూపగలిగితే, నటిస్తున్నాడన్న ఆరోపణకు చోటు తగ్గుతుంది. మనిషి సమాధానంతో పని లేకుండా చేసే బెరా పరీక్ష కూడా ఉంటే మరీ మంచిది. చెన్నై సెంట్రల్ స్టేషను ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతుకు పెద్ద విభాగమే ఉంది. ప్రైవేటు క్లినిక్ కాగితం కంటే ప్రభుత్వ ఆసుపత్రి కాగితానికి విచారణలో బరువు ఎక్కువ. కొన్ని క్లినిక్‌లు బస్సు టికెట్టులాంటి మెరుపు కాగితం మీద ఫలితం ఇస్తాయి, అది ఏడాది తిరిగేసరికి తెల్లబోతుంది, అదే రోజు జిరాక్సు తీసి పెట్టుకోండి.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఎన్నేళ్ళు, ఏ యంత్రం, రోజుకు ఎన్ని గంటలు అన్నది చెప్పి కేసు షీటులో రాయించండి. షుగరు ఉందా, గతంలో టీబీకి స్ట్రెప్టోమైసిన్ లాంటి ఇంజెక్షన్లు తీసుకున్నారా, తలకు దెబ్బ తగిలిందా, చెవిలో చీము కారేదా అన్నవి కూడా దాచకుండా చెప్పాలి. ఇవి మన కేసుకు హాని అని చాలామంది దాస్తారు. ఎదుటివారు తవ్వి తీసినప్పుడు జరిగే హానితో పోలిస్తే అది ఏపాటిదీ కాదు. ఒక చెవి బాగా పోయి ఇంకోటి బాగుంటే మాత్రం అది మోత వల్ల కాకపోవచ్చు, కేసు సంగతి అటుంచి ఆరోగ్యం కోసమే స్కాను గురించి డాక్టరును అడగండి.

చట్టం మీవైపు ఉన్న చోటు ఇప్పుడు చెబుతాను. పరిహార చట్టం మూడో షెడ్యూలు బి భాగంలో, మోత వల్ల కలిగే వినికిడి లోపం వృత్తి వ్యాధిగా పేరు పెట్టి ఉంది. ఆ ప్రమాదం ఉన్న ఏ పనికైనా అది వర్తిస్తుంది. బి భాగం వ్యాధి ఏదైనా, ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన మనిషికి వస్తే, అది పని వల్ల జరిగిన ప్రమాదంతో సమానమని చట్టమే భావిస్తుంది. కాదని నిరూపించే భారం యజమానిది. "పాడిలో ఫోర్జింగ్ షాపులోనే చెవి పోగొట్టుకుని వచ్చాడు" అని ఈ కంపెనీ అంటే, పంతొమ్మిదేళ్ళ కిందట చేర్చుకున్నప్పుడు తీసిన ఆడియోగ్రామ్ చూపించమని అడగడమే సమాధానం. అధిక శబ్దం ఉండే పనుల్లో, చేరిన 14 రోజుల లోపు ఒకసారి, ఆపైన ఏడాదికి తక్కువ కాకుండా ఒకసారి చెవి పరీక్ష చేయించాలన్నది ఫ్యాక్టరీ నిబంధన. చేసి ఉంటే ఆ వరుస ఫలితాలే ఏ ఏడాది ఎంత తగ్గిందో చూపిస్తాయి. చేయకపోతే ఆ లోటు వాళ్ళది.

2025 నవంబర్ 21 నుంచి పరిహార చట్టం, ఇఎస్‌ఐ చట్టం రెండింటి స్థానంలో సామాజిక భద్రత కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం స్థానంలోనూ అదే రోజు నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చింది. వృత్తి వ్యాధుల జాబితా, అందులో ఈ వినికిడి లోపం కొత్త కోడ్‌లోనూ ఉన్నాయి. నాన్నగారి నష్టం చాలావరకు అంతకు ముందు ఏళ్ళలో జరిగింది కాబట్టి, అందరికీ అలవాటైనవి కాబట్టి, నేను పాత సెక్షన్లతోనే చెబుతున్నాను. ఏ తేదీని ఆధారంగా తీసుకుని ఏ చట్టం కింద దరఖాస్తు వేయాలన్నది మీ లాయరు చూసుకుంటారు.

మోత ఎంత అన్నదానికి ఆధారం సంపాదించడం అన్నిటికంటే ఓపికతో కూడిన పని. ఎనిమిది గంటల షిఫ్టుకు అనుమతించే హద్దు 90 డెసిబెల్స్. ఆపైన ప్రతి ఐదు డెసిబెల్స్‌కు అనుమతించే సమయం సగమవుతుంది: 95 అయితే నాలుగు గంటలు, 100 అయితే రెండు, 105 అయితే ఒక గంట, 115 అయితే పావుగంట. వరుసగా నడిచే ప్రెస్‌ల మధ్య మీటరు పట్టుకుని నిలబడి 95, 100 చూసిన రోజులు నాకు లెక్కలేనన్ని. సరిగ్గా 90 దగ్గరే ఉందని కంపెనీ చూపించినా, ఆ హద్దు ఎనిమిది గంటలకు మాత్రమే. నాన్నగారు పన్నెండు గంటలు చేసిన రోజుల పేస్లిప్పుల్లో ఓటీ కనబడుతుంది కదా, అవి బయటికి తీయండి. ఓటీ ఉన్న పేస్లిప్పు మోతకు కూడా సాక్ష్యమేనని చాలామందికి తట్టదు.

శబ్ద కొలతల రిపోర్టును కంపెనీనే అడగవచ్చు. తమ ఆరోగ్య భద్రతకు సంబంధించిన సమాచారాన్ని యాజమాన్యం నుంచి పొందే హక్కు కార్మికులకు ఫ్యాక్టరీల చట్టం 111ఎ సెక్షన్ ఇచ్చింది. ఇవ్వకపోతే గిండీలో ఉన్న పారిశ్రామిక భద్రత, ఆరోగ్య డైరెక్టరేట్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ ఫ్యాక్టరీ తనిఖీ రికార్డులు, అక్కడికి చేరిన శబ్ద కొలతలు అడగండి. మోత వల్ల వచ్చే వినికిడి లోపం ఫ్యాక్టరీల చట్టంలో తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో ఉంది. నిర్ధారించిన డాక్టరూ, ఫ్యాక్టరీ మేనేజరూ దాన్ని అధికారులకు నివేదించాలి. డాక్టరు ఆ నివేదిక పంపితే అదొక బలమైన కాగితం. చాలామంది పంపరు, ఆ బాధ్యత ఉన్నట్టే వారికి గుర్తుండదు; మర్యాదగా గుర్తుచేయడంలో తప్పులేదు.

ఇవేవీ దొరక్కపోయినా చేతులు ముడుచుకోనక్కరలేదు. నాన్నగారి చేత, మీరే పక్కన కూర్చుని, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ లైను, ఎన్ని టన్నుల ప్రెస్, పక్కన ఏ యంత్రాలు ఉండేవి, గోడలు రేకులా ఇటుకలా, సూపర్‌వైజరు సైగలతో మాట్లాడేవాడా చెవి దగ్గర అరిచేవాడా అన్నది వరుసగా రాయించండి. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషికి అరిస్తే తప్ప వినబడలేదంటే, అక్కడి మోత ఏ స్థాయిదో విచారణాధికారికి అంకె లేకుండానే అర్థమవుతుంది. అదే లైనులో పనిచేసి రిటైరైన ఇద్దరు సాక్ష్యం చెబితే చాలు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్ళను ఇబ్బంది పెట్టకండి, వాళ్ళు రారు, వచ్చినా నోరు విప్పరు.

ఇయర్ ప్లగ్గుల ప్రశ్న తప్పక వస్తుంది, దాన్ని తేలికగా తీసుకోవద్దు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కాని గాయాల విషయంలో, తన రక్షణ కోసమే ఇచ్చారని తెలిసిన పరికరాన్ని ఉద్యోగి కావాలని పక్కన పెట్టడమే గాయానికి నేరుగా కారణమైతే, యజమాని బాధ్యత నుంచి తప్పించుకునే వీలు చట్టంలో ఉంది. కంపెనీ ఒక రిజిస్టరు తెచ్చి, నెలనెలా నాన్నగారి సంతకాలు చూపిస్తుంది. నేను అదే ఉద్యోగం చేసినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఆ రిజిస్టర్లలో చాలావాటికి నెలాఖరున ఒకేసారి, ఒకే పెన్నుతో సంతకాలు పడతాయి. నిజంగా ఏం ఇచ్చారు, ఎప్పటి నుంచి ఇచ్చారు, నూనె చేతులతో నలిపి నల్లబడిన స్పాంజి ప్లగ్గులను ఎన్నాళ్ళకు మార్చేవారు, చెవిలో ఎలా పెట్టుకోవాలో ఎవరైనా చూపించారా అన్నది నిజాయితీగా రాసుకోండి. మొదటి పదేళ్ళు ఏమీ ఇవ్వక, యంత్రం తుడిచే బనియన్ వేస్టును చిన్న ఉండగా చుట్టి చెవిలో కుక్కుకునేవారని నాన్నగారు అంటే, ఆ మాటే రాయండి. ప్లగ్గులు పెట్టుకుంటే ఫోర్క్‌లిఫ్టు హారన్ వినబడదని తీసేసిన రోజులు ఉంటే, అదీ రాయండి. కావాలని నిర్లక్ష్యం చేయడం వేరు, పని సాగాలంటే తీయక తప్పకపోవడం వేరు.

డబ్బు ఎవరి నుంచి రావాలన్నది మీ విషయంలో కాస్త చిక్కైన ప్రశ్న. ఇఎస్‌ఐ పరిధిలో ఉన్న మనిషి అదే గాయానికి యజమాని నుంచి పరిహారం అడగకూడదని ఇఎస్‌ఐ చట్టం 53వ సెక్షన్ అడ్డుపెడుతుంది. నాన్నగారు ఇప్పుడు పరిధిలో లేరు కాబట్టి పరిహార చట్టం దారి తెరిచే ఉంది. కానీ చెవి దెబ్బతిన్నది ఇఎస్‌ఐ ఉన్న ఏళ్ళలోనే అని కంపెనీ లాయరు వాదించడం ఖాయం. అందుకని పాత ఇఎస్‌ఐ నంబరు, పెహచాన్ కార్డు (ఇఎస్‌ఐ గుర్తింపు కార్డు), ఏ కాంట్రిబ్యూషన్ కాలంతో బయటికి వచ్చారన్న వివరం సిద్ధంగా పెట్టుకోండి. ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అనే ఆరు నెలల కాలాల్లో మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం చివరిదాకా సభ్యత్వం కొనసాగుతుంది. హెచ్‌ఆర్ చెప్పిన తేదీ, అసలు తేదీ వేరు కావచ్చు. నుంగంబాక్కం స్టెర్లింగ్ రోడ్డులోని ఇఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి, వాళ్ళు వర్తించదంటే ఆ జవాబును కాగితం మీద తీసుకోండి. రెండు తలుపులూ తట్టడంలో తప్పులేదు, రెండు చోట్లా డబ్బు తీసుకోవడమే కుదరదు.

రెండింటి లెక్కలూ వేరు. ఇఎస్‌ఐలో శాశ్వత వైకల్యానికి సగటు రోజు జీతంలో 90 శాతాన్ని తీసుకుని, మెడికల్ బోర్డు తేల్చిన సంపాదన శక్తి నష్టం శాతం మేరకు జీవితాంతం ఇస్తారు. సగటు రోజు జీతం 700, నష్టం 20 శాతం అనుకుంటే రోజుకు 126 రూపాయలు. పరిహార చట్టంలో ఒకేసారి మొత్తం వస్తుంది. నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తారు. అసలు జీతం ఎంతైనా 2020 జనవరి 3 నాటి నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు 15,000 మించి తీసుకోరు. యాభై ఏళ్ళకు గుణకం 153.09. అంటే 9,000ను 153.09తో హెచ్చవేస్తే 13,77,810 రూపాయలు. ఇది పూర్తి వైకల్యానికి వచ్చే మొత్తం. సంపాదన శక్తిలో 20 శాతం పోయిందని తేలితే 2,75,562 రూపాయలు. ఇవ్వవలసిన నాటి నుంచి నెల దాటితే 12 శాతం సాధారణ వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా కూడా ఈ కేసులు విచారించే పరిహార కమిషనర్ వేయవచ్చు. బొత్తిగా వినబడని చెవుడుకు షెడ్యూలులో నూరు శాతం ఉంది గాని, ఒక్క మోత వల్లే ఆ స్థితి రావడం అరుదు. అంత ఆశ పెట్టుకోకండి.

ఆ శాతం ఎలా తేలుతుందన్న చోటే పెద్ద బేరం నడుస్తుంది. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, కొన్ని పౌనఃపున్యాల దగ్గర వచ్చిన డెసిబెల్స్ సగటులోంచి 25 తీసేసి, మిగిలినదాన్ని ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఆ చెవి నష్టం శాతం వస్తుంది. ఏ పౌనఃపున్యాలు అన్నదే కీలకం. ఒక చెవిలో 500 దగ్గర 20, 1000 దగ్గర 25, 2000 దగ్గర 35, 4000 దగ్గర 70 వచ్చాయనుకోండి. మొదటి మూడే తీసుకుంటే సగటు 26.7, నష్టం రెండున్నర శాతం. 4000ను కూడా కలిపితే సగటు 37.5, నష్టం 18.75 శాతం. చెవి అదే, కాగితం అదే, ఒక గడి కలపడంతో ఏడు రెట్లు పైన తేడా. మోత దెబ్బకొట్టేదే 4000 దగ్గర అయినప్పుడు దాన్ని వదిలేసిన లెక్కకు అర్థం లేదన్నది నా గట్టి అభిప్రాయం. డాక్టరు శాతం రాసినప్పుడు ఏ పౌనఃపున్యాలు కలిపారో కూడా సర్టిఫికెట్‌లో రాయమని అడగండి.

దీనితో కలిపి చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి వైకల్యం కింద లెక్క. యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) వెళ్ళి "మీకు రాదు" అనిపించుకున్నవాళ్ళు పరిహారం కూడా రాదనుకుని ఇంటికి పోతారు. ఆ హద్దు పింఛన్లు, రిజర్వేషన్ల కోసం పెట్టింది, పరిహార చట్టానికి దానితో సంబంధం లేదు. ఇక్కడ చూసేది సంపాదన శక్తి. "జీతం తగ్గలేదు కదా, నష్టమేముంది" అని కంపెనీ అంటుంది. శాశ్వత పాక్షిక వైకల్యం అంటే, ఆ సమయానికి ఆ మనిషి చేయగలిగిన ప్రతి ఉద్యోగంలోనూ సంపాదించే శక్తి తగ్గడమని చట్టం నిర్వచనం. ఈ నెల పేస్లిప్పు దానికి కొలత కాదు. యాభై ఏళ్ళ ప్రెస్ ఆపరేటరు రేపు బయటికి వచ్చి క్రేను దగ్గరో, ఫోర్క్‌లిఫ్టు మీదో, గేటు దగ్గర వాచ్‌మన్‌గానో చేరగలడా, హారన్, కేక, వాకీటాకీ వినగలడా అన్నది ప్రశ్న. ఒక వడ్రంగి చేయి పోగొట్టుకున్న ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో, అతను చేసే పనికి ఇక పనికిరాడన్న దృష్టితో సుప్రీంకోర్టు నూరు శాతం నష్టాన్ని సమర్థించింది. లాయర్లు ఇప్పటికీ దాన్నే ముందుపెడతారు. చెవి కేసును దానితో సమానం చేయలేము గాని, శరీర నష్టం శాతమూ సంపాదన నష్టం శాతమూ ఒకటి కావని చెప్పడానికి అది పనికొస్తుంది. శాతం రాసిచ్చిన డాక్టరు విచారణకు వచ్చి సాక్ష్యం చెబుతారా అన్నది ముందే అడిగి తెలుసుకోండి.

గడువు సంగతి. క్లెయిము రెండేళ్ళలోపు వేయాలి, ఆ రెండేళ్ళు ఎప్పటి నుంచి అన్నది వృత్తి వ్యాధికి వేరుగా రాసి ఉంది. సెలవు పెట్టే అవసరం రాని పాక్షిక వైకల్యమైతే, కంపెనీకి నోటీసు ఇచ్చిన తేదీ నుంచి లెక్క. ఉద్యోగం మానేసిన తర్వాత రెండేళ్ళలోపు లక్షణాలు బయటపడితే, అవి మొదట గుర్తించిన రోజు నుంచి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది గాని, మీ చేతిలో సమయం ఉండగా ఆ దయ మీద ఆధారపడకండి. దరఖాస్తును తేనాంపేట డీఎంఎస్ ఆవరణలోని కార్మిక శాఖ ద్వారా వేయవచ్చు. విరమణ తర్వాత నాన్నగారు సొంత ఊరికి వెళ్ళిపోతే, మామూలుగా నివసించే చోట కూడా వేసుకునే వీలు 21వ సెక్షన్ ఇచ్చింది. అయినా డాక్టరు, సాక్షులు, రికార్డులు అన్నీ ఇక్కడే ఉన్నప్పుడు చెన్నైలోనే వేయడం నయం. చిత్తూరులో వేసి ప్రతి వాయిదాకూ డాక్టరును అక్కడికి రప్పించలేక మధ్యలో వదిలేసినవాళ్ళను చూశాను.

నోటీసు ఒక పేజీ చాలు. పేరు, టోకెన్ నంబరు, చేరిన తేదీ, ఏ విభాగంలో ఎన్నేళ్ళు, రోజుకు ఎన్ని గంటలు, చెవి లక్షణాలు ఎప్పటి నుంచి, ఏ తేదీ పరీక్షలో ఏం తేలింది, ఇది పనిచోటి మోత వల్ల కలిగిన వృత్తి వ్యాధి అని తాను భావిస్తున్నట్టు, పరిహారం కోరే హక్కును నిలుపుకుంటున్నట్టు రాయండి. తిట్లు, నిందలు వద్దు. ఇంగ్లీషులో టైపు చేయించి, నాన్నగారికి తెలుగులో చదివి వినిపించి, చదివి వినిపించినట్టు కింద ఒక వాక్యం రాసి, ఆయన తెలుగులోనే సంతకం పెట్టవచ్చు. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి, రసీదునూ, అందినట్టు తెలిపే రుజువునూ ఆడియోగ్రామ్ జిరాక్సుతో కలిపి ఒకే కవరులో పెట్టుకోండి. అది అందిన తర్వాత హెచ్‌ఆర్ విరమణ కాగితం మళ్ళీ ముందుకు జరిపితే, సంతకం కింద "ఫలానా తేదీ నోటీసులోని వినికిడి పరిహారం మినహా" అని రాసి పెట్టమనండి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఆ రోజు సంతకం వాయిదా వేసి, కాగితం నకలు ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకోండి.